కళ్లు లేని పెట్టె

నల్లరేవు, భోగాపురం దగ్గర
మాఘమాసం, ఆదివారం

నా తండ్రీ, నా బంగారమా, ఒరే రాజూ!

నీకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందని కోడలు హేమ ఫోనులో చెప్పగానే చేతిలో ఉన్న వల సూది ఎక్కడ పెట్టానో, ఇప్పటికీ దొరకలేదు. మీ అమ్మ ఇల్లంతా వెతుకుతూ, "నీ సంతోసం తగలెయ్యా, అది ఎవుడి కాల్లో దిగుతాదో" అని తిడుతోంది. దిగనీ. ఈవేళ నన్నెవరేమన్నా నవ్వే వస్తోంది.

ఫోను చెయ్యొచ్చు కదా, ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో సముద్రం హోరొకటి, మీ అమ్మ హోరొకటి. నేను రెండు మాటలనేసరికి ఫోను ఆవిడ చేతిలో ఉంటుంది. నువ్వు నేవీలో ఉన్న పదిహేనేళ్లూ మనకి ఉత్తరాలే కదా. ఐదో తరగతి చదువుతో ఇన్ని ఉత్తరాలు రాసినవాడు ఈ రేవులో నేనొక్కడినే. ఆ గొప్ప నాకుండనీ.

ఒరే, నాకు ఎంత భయంగా ఉండేదో తెలుసా? మన చుట్టుపక్కల సర్వీసు చేసి వచ్చినవాళ్లని చూశాను. సరిహద్దులో నిలబడ్డవాడు వచ్చి ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకొకడు అపార్ట్‌మెంట్ గేటు తీస్తున్నాడు, మూస్తున్నాడు. నా కొడుకూ అంతేనా అని అనుకుంటూ ఉండేవాణ్ణి. ఇప్పుడు నువ్వూ కుర్చీలోనే కూర్చున్నావు గానీ, అది లోపల కుర్చీ! ఏసీలో కుర్చీ! అదీ చేపలవాళ్ల కోసం ఫోనులో యాప్ తయారుచేసే కంపెనీ అట. నేవీలో సోనార్ ముందు కూర్చుని నీళ్ల అడుగున చప్పుళ్లు విన్నవాడికి అంతకంటే తగిన పని ఏముంటుంది?

భోగాపురంలో ఫ్లెక్సీ చేయించి రేవులో కట్టించాను. ఒక పక్క తెల్ల యూనిఫాంలో నువ్వు, ఒక పక్క కంప్యూటర్. ఆ ఫ్లెక్సీ కుర్రాడు కంప్యూటర్ బదులు టీవీ బొమ్మ వేశాడు. మన ఊరిపెద్ద సూరయ్య అది చూసి, "ఏటి గంగులూ, నీ కొడుకు టీవీలు బాగుసేస్తన్నాడేటి?" అన్నాడు. "నీ ఇంట్లో టీవీ పాడైతే సెప్పు, ఐదరాబాదు నుంచే బాగుసేస్తాడు" అన్నాను. అందరూ నవ్వారు. నేను ఎక్కువ నవ్వాను.

ఇక అసలు సంగతి. నీకు రాయి చూపించాలి. మన రేవుకి ఎదురుగా, నీళ్ల అడుగున ఉన్న ఆ రాళ్ల దిబ్బని మా తాత కనిపెట్టాడు, మా నాన్నకి చూపించాడు, మా నాన్న నాకు చూపించాడు. కోనాం చేపలు, గులివిందలు అక్కడ మేస్తాయి. ఊరంతా ఖాళీ వలలతో వచ్చిన రోజున కూడా మన పడవ ఖాళీగా రాలేదంటే దాని చలవే. ఏ కొండని ఏ గుర్తుతో కలిపి చూస్తే అది దొరుకుతుందో ఒడ్డు మీద నోటితో అనకూడదు, కాగితం మీద పెట్టకూడదు. అందుకే ఇక్కడ రాయడం లేదు. నాకూ, నా పడవలో సగం వాటా ఉన్న మీ మావ అసిరయ్యకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. మీ మావంటే నాకు బావమరిది, వియ్యంకుడు, ఇన్నేళ్ల జోడు. అతను కాక ఇంకెవరికి తెలియాలి? ఇక నీకు తెలియాలి. సెలవు పెట్టి రా.

పట్టలేని సంతోషంతో,
మీ నాన్న గంగులు


హైదరాబాద్
ఫిబ్రవరి ఆఖరు

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

ఆ ఫ్లెక్సీ తీయించేయండి నాన్నా. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలలు చూస్తారు, నచ్చకపోతే పంపేస్తారు.

మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అమ్మకి చదివి వినిపించవద్దు. మాజీ సైనికుల కోసం పెట్టిన కంప్యూటర్ కోర్సు అయ్యాక ఎన్నో కంపెనీలకి వెళ్లాను. పదిహేనేళ్ల సర్వీసు కాగితం మీద పెడితే అర పేజీ కూడా రాలేదు. నేను చేసిన పనుల్లో చెప్పకూడనివే ఎక్కువ. ఎదురుగా కూర్చున్న పిల్లలు "ఇంకేం వచ్చు?" అని అడిగేవారు. సముద్రం తెలుసు అన్నాను. చివరికి ఈ కంపెనీవాళ్లు ఆ ఒక్క మాటకే తీసుకున్నారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి యాప్ చేస్తున్నారు కదా.

మొదటి రోజు మా టీమ్ లీడ్ సుహాసిని గారు గదిలోకి రాగానే లేచి, అటెన్షన్‌లో నిలబడ్డాను. అందరూ నవ్వారు. ఆమెకి పాతికేళ్లు దాటి ఉంటాయేమో. మంచి అమ్మాయే. "అంకుల్, కూర్చోండి ప్లీజ్" అంది. ఆ రోజు నుంచి ఆఫీసులో అందరికీ నేను అంకుల్‌నే. ఓడలో నా మాటకి కుర్రాళ్లు పరుగెత్తేవారు. ఇక్కడ ఫైలు ఎక్కడ సేవ్ అయిందో తెలియక, పక్క కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసేదాకా వాడి భుజం దగ్గర నిలబడతాను.

ప్రతి శుక్రవారం ఎవరేం తెచ్చారో అందరి ముందూ చెప్పాలి. వాళ్లు రోజుకో కొత్త ప్రోగ్రాం తెస్తారు. నా వంతు వచ్చేసరికి "నేర్చుకుంటున్నాను" అంటాను. పోయిన శుక్రవారం సుహాసిని గారు నా వంతు దాటించేశారు. జాలిపడి. అది తిట్టుకంటే ఘోరం నాన్నా.

మార్చిలో వస్తాను. నీళ్ల లోతు కొలిచే పెట్టె ఒకటి ఇచ్చారు. పడవ మీద పరీక్ష చేసి తీసుకురమ్మన్నారు. ఇంటికి రావడానికి అదొక సాకు.

మీ ధనరాజు


నల్లరేవు
చైత్రమాసం, ఉగాది వెళ్లిన మూడో రోజు

నా దొరా, నా నాయనా!

నువ్వు బస్సెక్కి వెళ్లిపోయావు గానీ నేనింకా పడవలోనే ఉన్నాను. అన్నం తింటున్నా అదే, వల కుడుతున్నా అదే. "ఆ రోజు రాజు..." అని మొదలుపెడితే చాలు, మీ అమ్మ గిన్నె మోగిస్తోంది. అందుకే మళ్లీ నీకే రాస్తున్నాను. నీకు తెలిసిందే అయినా చదువు. నాకు రాయాలని ఉంది.

సూర్యుడు పైకి లేచే వేళకి కొండలు ఎంత తేటగా కనిపించాయి! మన ఇంటి పద్ధతి ప్రకారం నువ్వు దోసిలితో ఉప్పునీళ్లు తీసి పుక్కిట పట్టావు. గుర్తులు చూసినవాడు పడవ వెనక్కి తిరిగేదాకా నోరు తెరవకూడదు, మింగకూడదు, ఉమ్మకూడదు. నా వంతప్పుడు నాకు దగ్గొచ్చి మింగేశాను. మా నాన్న తెడ్డుతో వీపు మీద ఒకటిచ్చి, మళ్లీ నీళ్లు పట్టించాడు. నువ్వు మాత్రం రాయిలా కూర్చున్నావు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కదల్లేదు. మిలిటరీ అంటే అదీ!

నేను వేలు పెట్టి ఒక్కో గుర్తూ చూపిస్తుంటే నీ మొహం చూశాను. నువ్వు పుట్టిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు. నిజం. ఆ రోజున నువ్వు మరీ నల్లగా, ముడతలుగా ఉన్నావు.

నీ పెట్టె సంగతి చెబితే రేవులో ఎవరూ నమ్మడం లేదు. ముందు నాకూ మనసులో బెరుకుగానే ఉండింది. నీ ఫోను మాత్రం బియ్యం డబ్బాలో పెట్టించాను కదా, ఫొటోలో కొండలు పడితే గుర్తులు బయటపడతాయని. నువ్వు మారుమాట లేకుండా ఇచ్చేశావు. ఒడ్డునే పెట్టె సంగతి అడిగితే "లోతు కొలుస్తుంది నాన్నా, అంతే" అన్నావు. మీ మావే సణిగాడు.

"బావా, ఆ పెట్టి ఇక్కడేల? ఇంకో సోట ముంచమను."

"ఒరే అసిరీ, నీళ్లలో ములిగిన పెట్టికి కొండలేటి కనబడతాయిరా? దానికేటి కళ్లున్నాయా?" అన్నాను.

"నాకేటి తెలుసు. నీ కొడుకు, నీ పెట్టి" అని తీగ చేత్తో పట్టుకున్నాడు. కదపకుండా పట్టుకోరా అని నేనే కేకలేశాను. నా కొడుకు ఉద్యోగం పెట్టె నా పడవ ఎక్కింది, వంకరగా పట్టుకుంటే ఊరుకుంటానా?

ఆ శుక్రవారం సభలో ఈసారి నీ వంతు ఎవరూ దాటించరు. లోతు కొలిచి తెచ్చానని గట్టిగా చెప్పు. తల ఎత్తి చెప్పు.

నీ నాన్న గంగులు


హైదరాబాద్
మే రెండో వారం

నాన్నకి నమస్కారాలు.

ఉద్యోగం ఖాయమైంది. గడువుకి ముందే ఇచ్చారు. శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కేక్ కోయించారు. సుహాసిని గారు నన్ను మొదటిసారి పేరు పెట్టి "ధనరాజు గారూ" అన్నారు. హేమ చాలా సంతోషంగా ఉంది. పిల్ల స్కూలు గురించి ఇక బెంగ లేదు.

అమ్మకి చెప్పండి. ఈసారి చదివి వినిపించండి.

జూన్‌లో వేట నిషేధం ఎత్తేశాక వెంటనే సముద్రం మీదకి వెళ్లవద్దు నాన్నా. మీ మోకాళ్లు బాగాలేవు. ఈ ఏడాదికి మానేసినా పరవాలేదు. ఇద్దరూ ఇక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉండండి. రాయి గురించి కూడా ఎవరితోనూ మాట్లాడకండి. ఉత్తరాల్లో వద్దు.

పని ఎక్కువగా ఉంది. ఇంతే రాస్తున్నాను.

మీ ధనరాజు


నల్లరేవు
ఆషాఢమాసం

ఒరే రాజూ,

ముందు సంతోషం చెప్పి తర్వాత ఏడుస్తాను. నీ ఉద్యోగం ఖాయమైందని తెలిసి డప్పులవాళ్లని పిలిపించాను. మీ అమ్మ "పెళ్లేటి?" అంది. "పెళ్లికంటే ఎక్కువే" అన్నాను. రేవంతా ఒక పూట ఊగిపోయింది. నువ్వు చల్లగా ఉండు.

ఇక విను. నిషేధం ఎత్తేసిన రోజున నేనూ, మీ మావా గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి రాయి మీదకి వెళ్లాం. మోకాళ్ల సంగతి రాశావు గానీ, ఆ రోజున ఒడ్డున ఎవడు కూర్చుంటాడు? మేం వెళ్లేసరికి హార్బరు నుంచి వచ్చిన పెద్ద బోట్లు అక్కడున్నాయి. ఒడ్డుకి అంత దగ్గరగా వాళ్లు రాకూడదు. అయినా వచ్చారు. వెతుక్కుంటూ రాలేదురా, తిన్నగా వచ్చారు. రాయి చుట్టూ రింగు వల తిప్పారు. మర్నాడు వేరేవాళ్లు వచ్చారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు అడుగున ఇనప గుండ్లు కట్టిన వల ఈడ్చారు. రాతిని అంటుకుని పెరిగిందంతా ముక్కలు ముక్కలుగా నా గేలానికి తగులుకుని పైకి వచ్చింది. చేప ఒక్కటి లేదు. మా తాత నాటి నుంచి ఉన్నది పదిరోజుల్లో గీకేశారు.

నీ ఒక్కడికే చెబుతున్నాను. ఇది మీ మావ పని. నాకు ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. పడవలోనే అడిగేశాను.

"అసిరీ, నువ్వే సెప్పినావు."

"నేనేటి సెప్తాను బావా?"

"నీకూ నాకూ తప్ప ఎవుడికి తెలుసురా?"

నా వైపు తిరిగాడు. "ఇంకెవుడికీ తెల్దా బావా?" అన్నాడు.

"నా కొడుకు పేరెత్తినావంటే తెడ్డుతో బుర్ర పగలగొడతాను" అన్నాను.

అంతే, నోరు మూసుకున్నాడు. తప్పు లేనివాడైతే అలా మూసుకుంటాడా? నేనే సూరయ్య దగ్గరికి వెళ్లి పంచాయితీ పెట్టించాను. మన రేవు కట్టుబాటు నీకు తెలుసు. రాయి బయటివాళ్లకి ఇచ్చినవాడు ఇక ఈ రేవు పడవ ఎక్కకూడదు. "ఏటంటావు అసిరయ్యా?" అని సూరయ్య మూడుసార్లు అడిగాడు. "ఏటీ అనను" అన్నాడు. మీ అత్త నీలవేణి తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆ వారమే మీ మావ శ్రీకాకుళం వైపు కూలీలతో కలిసి గుజరాత్ బోట్లకి వెళ్లిపోయాడు. ఈ వయసులో పరాయి బోటు మీద పరాయివాడికి వల లాగాలి. నా మనసేం బాగాలేదు. కానీ చేసుకున్నది అతనే.

నీ కంపెనీకి సముద్రం సంగతులన్నీ తెలుస్తాయి కదా. హార్బరు వాళ్లకి మీ మావ ఎవరి ద్వారా చెప్పాడో కొంచెం కనుక్కో. హేమకి నెమ్మదిగా చెప్పు. వాళ్ల నాన్న మీద నేను కోపంతో అన్నది కాదని చెప్పు.

గంగులు


హైదరాబాద్
జూలై

నాన్నకి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను. ఈ రోజుల్లో ఆకాశంలోంచి సముద్రం అడుగు కూడా చూసే సాధనాలు వచ్చాయి. ఎవరు చెప్పారని వెతకడం వల్ల ప్రయోజనం లేదు. మావయ్య విషయంలో తొందరపడ్డారేమో ఆలోచించండి. అలాగని మీది తప్పని అనడం లేదు.

గుజరాత్‌లో మంచి పని దొరికిందని మావయ్య హేమకి ఫోను చేసి చెప్పారట. ఆమె అదే నమ్ముతోంది. నేనేమీ అనలేదు. మీరూ అనవద్దు.

మీకు కొత్త ఇంజను కొనిస్తాను. ఇంకొంచెం లోపలికి వెళ్లి వేటాడుకోవచ్చు.

ధనరాజు


నల్లరేవు
భాద్రపదం

ధనరాజుకి,

నిన్న చేపల వేలంపాట దగ్గర సూరయ్య కొడుకు వెంకీ ఫోను చూపించాడు. "మావా, ఇటు సూడు, నీ పేరున్నాది" అన్నాడు. నీ కంపెనీ యాప్. నీలం రంగు నీళ్ల మధ్య ఒక ఎర్రచుక్క, పక్కన తెలుగులో "గంగులు రాయి".

నేను ఏం చేశానో చెప్పనా? ఎగిరాను. పిచ్చివాడిలా ఎగిరాను. "నా కొడుకు నా పేరెట్టినాడ్రా! ఫోనుల్లో నా పేరెట్టినాడ్రా!" అని అందరికీ చూపించాను. చేపల గంపలు దింపుతున్న ఆడవాళ్లని ఆపి చూపించాను. మీ అమ్మని కేకేసి పిలిచాను. ఎవరూ నవ్వడం లేదని కూడా నాకు తెలియలేదు. మీ అమ్మ వచ్చి, ఫోను వైపు చూడకుండా, నా మొహం వైపు చూసి, "నోరు ముయ్యి ముసిలోడా. ఇంక నోరు ముయ్యి" అంది.

అప్పుడు అర్థమైంది.

ఆ ఎర్రచుక్క ఎవరి ఫోనులో కావాలంటే వాళ్ల ఫోనులో కనిపిస్తుందట. దాన్ని నొక్కితే దారి కూడా అదే చూపిస్తుందట. కొండ అక్కర్లేదు, గుర్తు అక్కర్లేదు. వెంకీ నొక్కి చూపించాడు. ఆ కుర్రాడికి ఎంత సిగ్గుగా ఉందో, నా వైపు చూడలేదు.

నువ్వు నేవీలో ఉండగా, మీ ఓడ ఏ నీళ్ల మీద ఉందని మీ అమ్మ ఎన్ని ఉత్తరాల్లో అడిగించింది? నీకు జ్వరమొచ్చిందని తెలిసి ఏడుస్తూ అడిగించింది. "చెప్పకూడదమ్మా" అని రాశావు. పదిహేనేళ్లలో ఒక్కసారి చెప్పలేదు. నా కొడుకు నోరు అలాంటిదని రేవంతా చెప్పుకున్నాను. వాళ్ల ఓడ ఎక్కడుందో నీ కన్నతల్లికి చెప్పలేదు. మన రాయి ఎక్కడుందో ముక్కూ మొహం తెలియనివాళ్లకి చెప్పావు.

ఆ రోజు నీ నోటి నిండా నీళ్లున్నాయి. ఎంత బాగా పట్టావని మురిసిపోయాను. పెట్టె నోట్లో నీళ్లు పట్టించడం నాకు తెలియలేదు.

సూరయ్య వచ్చే అమావాస్య నాడు పంచాయితీకి రమ్మన్నాడు. నువ్వు కావాలని చేశావా, తెలియక చేశావా? అదొక్కటి రాయి. తెలియక చేశానని రాస్తే నేను నమ్ముతాను.

గంగులు


హైదరాబాద్
సెప్టెంబరు

నాన్నా,

తెలియక అని రాయలేను. సగం తెలుసు.

మీ ముందు ఫోను డబ్బాలో పెట్టినప్పుడు పెట్టెకి ఫోను అవసరం లేదని నాకు తెలుసు. అది లోతు కొలుస్తూ, ఎక్కడ కొలిచిందో కూడా రాసుకుంటుంది. మీరు అడిగితే లోతు సంగతే చెప్పాను, రెండోది చెప్పలేదు. తిరిగొచ్చాక లోతు లెక్క ఒక్కటే ఇద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. శుక్రవారం నా వంతు వచ్చింది. నా ముందు కుర్రాడు ఏదో పెద్దది చూపించాడు. అందరూ నన్ను దాటించడానికి సిద్ధంగా ఉన్నారు. నేను లేచి ఆ రాయి బొమ్మ తెర మీద వేశాను. అడుగున రాళ్లు, గుంటలు, చేపల గుంపులు అన్నీ. ఇలాంటివి ఇంకా తేగలరా అని అడిగారు. పేరేం పెడదామన్నారు. మీ పేరు చెప్పాను. గౌరవమనే అనుకున్నాను.

వారం తర్వాత, పెద్ద బోట్లవాళ్లకి అమ్మే ప్యాకేజీలో అది కూడా పెట్టమని ఆర్డరు వచ్చింది. ఆర్డరు వస్తే చేయడం తప్ప నాకు వేరే ఏదీ రాదు నాన్నా. మిమ్మల్ని అడిగి ఉండాల్సింది. ఇప్పుడు తీసేయమంటే, తీసేసినా కొన్నవాళ్ల దగ్గర ఉండనే ఉంటుందని అన్నారు.

నేను పంచాయితీకి రాలేను. కంపెనీ సంగతులు బయట మాట్లాడనని సంతకం పెట్టాను. ఉద్యోగం పోతే ఈ వయసులో మళ్లీ ఎవరూ తీసుకోరు. ఒక్కటి అడుగుతాను. "రాయి కొడుక్కి నేనే ఇచ్చాను, కంపెనీకి ఇమ్మని నేనే చెప్పాను" అని మీరు చెప్పండి. మీ వయసు చూసి ఏమీ అనరు. ఎలాగూ మీరు వేట మానేసే వయసే. నా పేరు రేవులోంచి తీసేస్తే నాకు ఊరు లేకుండా పోతుంది. మావయ్యకి నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. హేమకి అసలే లేదు.

ధనరాజు


నల్లరేవు
ఆశ్వయుజం

ధనరాజుకి,

నువ్వు రాసినట్టే చెప్పాలని పంచాయితీకి వెళ్లాను. దారిలో మాటలు కూడబలుక్కున్నాను. కన్నవాణ్ణి, ఇంతకంటే ఏం చేయను?

నేను లేచేసరికి సూరయ్య, "కూకో గంగులూ. ముందు అసిరయ్య మాట ఇందాం" అని ఫోను పెద్దగా మోగేలా పెట్టాడు. గుజరాత్ నుంచి మీ మావ. వెనకాల ఇంజను చప్పుడు.

"అసిరయ్యా, నువ్వు సెప్పినావా, నేదా? ఇప్పుడైనా సెప్పు" అన్నాడు సూరయ్య.

"నేను సెప్పనేదు."

"మరి ఆవేళ ఏల నోరు ముయ్యాలి?"

ఇంజను చప్పుడు మీద గొంతు పెంచి అన్నాడు. "తీగ నేను పట్టుకున్నాను గదా. పెట్టి పైకి లాగినప్పుడు దాని మీద అద్దంలో మన ఒడ్డు గీత కనబడినాది, మన పడవ సుక్క కనబడినాది. అప్పుడే తెలిసినాది. అల్లుడి ఉద్యోగం అది. నా కూతురు కూడు అది. ఏటని సెప్పను? బావకి సెప్తే బావ సచ్చిపోతాడు."

ఆ తర్వాత నువ్వు చెప్పమన్నది నా నోటికి రాలేదు. "నా కొడుకే ఇచ్చినాడు. అడక్కుండా ఇచ్చినాడు" అన్నాను. అందరి ముందూ అన్నాను. నీ పేరు రేవులోంచి తీసేశారు. కొడుకు తప్పు ఇంటికీ తగులుతుందట, మన ఇంటి పడవ ఇక నీళ్లలోకి దిగదు. ఒడ్డు మీదకి లాక్కొచ్చేశాం. లాగడానికి ఎవరినీ పిలవలేదు, ఎవరూ రాలేదు. మీ అమ్మా, నేనే లాగాం.

మీ మావ మీద వేసిన నింద ఎత్తేశారు. రమ్మని సూరయ్య ఎంతో చెప్పాడు. "రాయి నేదు, బావ పడవా నేదు. వచ్చి ఏటి సేయను?" అని ఫోను పెట్టేశాడు. నాతో మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను?

పంచాయితీ అయ్యాక మీ అత్త ఇంటికి వెళ్లాను. నీలవేణి గుమ్మంలో కూర్చుని చేపలు ఎండేస్తోంది. లేవలేదు. "తప్పైపోయింది" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అంతా విని, తల ఎత్తకుండా, "అల్లుడి ఉద్యోగం పర్మనెంటు అయినాదంట గదా అన్నయ్యా? డప్పులు ఇన్నాను. మాకు మిఠాయి పెట్టనేదేటి?" అంది.

భోగాపురం వెళ్లి మైసూరుపాకు పొట్లం కట్టించుకుని తెచ్చాను. చేతిలో పెట్టాను. నా ఎదురుగానే ఒక ముక్క తింది. నెమ్మదిగా, పూర్తిగా నమిలి తింది. చేపల చేతిని చీరకి తుడుచుకుని, పొట్లం మళ్లీ కట్టి నాకిచ్చింది. "బాగున్నాది. మిగతాది అల్లుడికి పంపు, పాసిపోకముందే" అంది.

ఈ ఉత్తరంతో పాటు పొట్లం పంపుతున్నాను. హేమ చేతికియ్యి. వాళ్లమ్మ పంపిందని చెప్పు. ఎందుకు పంపిందని అడుగుతుంది. అప్పుడు నువ్వే చెప్పాలి.

గంగులు